ఏభైకి సున్నా

ఈ పొద్దున వీధి తలుపు తీయగానే, అరుగు మీద తడి గోనె కింద మొలకకు పెట్టిన విత్తనపు వడ్ల వాసన, పులిసిన గంజికీ తొలివాన మట్టికీ మధ్యగా ఉండే ఆ వాసన, నన్ను పంతొమ్మిదివందల ముప్పైలలోని మా గుండుగొలను బడికి లాక్కుపోయింది.

జ్యేష్ఠమాసం. కొల్లేటి వైపు నుంచి వచ్చే తేమగాలికి పలకలు కూడా చెమర్చేవి. తాటిముంజలు అయిపోయి, మామిడిపళ్ళు చివరికొచ్చి, మధ్యాహ్నం గంట తరవాత పిల్లల చేతులన్నీ కొత్తావకాయ వాసన వేసేవి. మాస్టారు ఒక్కొక్కరినీ ఇంటి నుంచి ఏభై వడ్లగింజలు తెమ్మన్నారు. మూకుట్లో తడిగుడ్డ పరిచి, గింజలు పేర్చి, ఐదోరోజున ఎన్ని మొలిచాయో లెక్క చెప్పాలి. మామ్మ నన్ను గడ్డితాడు చుట్టి విత్తనాలు దాచిన పురి దగ్గరికి రానివ్వక, తనే లోపలికెళ్ళి చాలాసేపటికి పొట్లం కట్టి తెచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా ఏభై.

ఐదోరోజున నా మూకుట్లో ఒక్కటీ మొలవలేదు. బళ్ళో నా పక్కన కూర్చునే సుబ్బులు మూకుట్లో నలభై ఏడు. వాళ్ళమ్మ ఇళ్ళలో ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టి దంచే పనికి వెళ్ళేది. నేను లెక్క వేశాను. పాత విత్తనమైనా పదో పన్నెండో మొలవాలి, పురుగు పట్టినా రెండో మూడో మిగలాలి. సున్నా వచ్చిందంటే అది గింజల తప్పు కాదు, ఎవరిదో చెయ్యి.

“మాస్టారండీ, సుబ్బులు మూకుళ్ళు మార్చేసిందండీ!”

“ఏమే, నిజమేనా?”

సుబ్బులు నా మూకుడు ముఖం దాకా ఎత్తి చూసి, దించేసింది. మాది కలిగిన ఇల్లు. మాస్టారు ఆ నలభై ఏడూ నా పేర వేసి, సుబ్బుల్ని సాయంత్రం దాకా గోడ వైపు తిప్పి నిలబెట్టారు.

ఇంటికొచ్చి చెబితే మామ్మ పకపకా నవ్వింది. “మరిగే వేణ్ణీళ్ళలో ముంచిన గింజ మొలుస్తుందటే, పిచ్చిమొహమా! మనం నారు పోయకుండానే మనింటి విత్తు బళ్ళో మొలకెత్తితే ఇంటికి మంచిదా?”

ఆ మాటా నమ్మలేదు. దొంగతనంగా ఏభై గింజలు వేణ్ణీళ్ళలో ముంచి, అటక మీద పెట్టి చూశాను. సున్నా. అప్పటికి సుబ్బులు బడి మానేసింది. నేను ఎవరికీ చెప్పలేదు.

నా చదువూ ఐదో తరగతితో ఆగింది. మిగతా లెక్కలు నేనే నేర్చుకున్నాను. పెళ్ళయినా ఊరు దాటలేదు.

ఈ పొద్దున ఆ వాసనతో పాటు వాకిట్లో సుబ్బులు కూడా ఉంది. తలలో సగం తెలుపు.

“అమ్మాయిగారూ, మీవి ఏభైకి నలభై ఏడు మొలిచే వడ్లు కదండీ. ఓ కుంచెడు విత్తనం ఇప్పించండి.”

నవ్వుతూనే అంది. ఆ ‘అండీ’లో మర్యాద ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకు తేలలేదు. వేణ్ణీళ్ళ సంగతి చెప్పాను.

“ఆ రోజే తెలుసండీ. మీ మూకుడు ఉప్పుడు వడ్ల వాసనేసింది. మా అమ్మ చీరంతా అదే వాసన కదండీ.”

“మరి అప్పుడే చెప్పలేదేం?”

“చెబితే నమ్మేవారాండీ?”

కుంచం తలకొట్టకుండా, రాశిగానే కొలిచి పోశాను. సుబ్బులు మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళింది. మామ్మ లేదు, గడ్డితాడు చుట్టిన పురి లేదు, ఆ మాస్టారూ లేరు. అరుగు మీద కూర్చుని, ‘చెబితే నమ్మేవారా’ అని సుబ్బులు అడిగినదానికి లెక్క వేస్తున్నాను. ఎటునుంచి వేసినా సున్నాయే వస్తోంది.