పక్కింటి ఖాలా బర్రెకు చెప్పి వెళ్లిన రోజు

నా చిన్నప్పుడు మా బర్రె పాలు మా అమ్మ పిండేది కాదు, పక్కింటి ఖాలా పిండేది. ఈ మాట ఇప్పుడు ఎవరికి చెప్పినా నా వంక అదోలా చూస్తారు. బర్రె మీది, కొట్టం మీది, పిండడానికి పక్కింటి మనిషి ఎందుకని అడుగుతారు. ఎందుకంటే మా అమ్మ బీడీలు చేసేది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుందంటే తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం, పొద్దుగూకే దాకా అదే పని. తంబాకు వాసన ఆమె వేళ్లలో ఇంకిపోయింది. చింతపండుతో తోమినా, బూడిదతో రుద్దినా పోయేది కాదు. ఆమె చెయ్యి పొదుగుకు తగిలిందంటే మా బర్రె కాలు విసిరేది. బాపు తెల్లారక ముందే కూలికి పోయేవాడు. అందుకని పాలు పిండే పని ఖాలాకు వచ్చింది. ఎవరూ పిలిచి అప్పజెప్పలేదు. అమ్మ ఒకసారి తన్ను తిని కొట్టంలో కూలబడితే, ఖాలా వచ్చి చెంబు అందుకున్నది. ఆ తరువాత ఇక ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఎల్లారెడ్డిలో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. నాకు ఆమె ఖాలా, పిన్ని లెక్క; అమ్మా బాపూ మాత్రం ఆపా అనేవాళ్లు, అక్క అని. ఖాలా భర్తకు సైకిళ్ల పంక్చర్లు వేసే దుకాణం ఉండేది. వాళ్లకు ముగ్గురు ఆడపిల్లలు. ఖాలా పూటపూటా వచ్చి, దుడ్డెను, అదే దాని దూడను విడిచి, బర్రెతో ముచ్చట పెడుతూ పిండేది. నిన్న ఇంట్లో ఏం వండింది, పెద్దపిల్ల ఎందుకు అలిగింది, అన్నీ దానికి చెప్పేది. పిండినాక పాలు మా ఇంట్లో దించి, ఒక చెంబు తన పిల్లలకు తీసుకుపోయేది. ఇచ్చేవాళ్లు ఇస్తున్నామని గానీ, తీసుకునేవాళ్లు తీసుకుంటున్నామని గానీ అనుకోని రోజులవి.

నేను నాలుగో తరగతిలో ఉండగా బాపుకు కామారెడ్డిలో ఒక బియ్యం మిల్లులో పని దొరికింది. ఏడాది పొడుగునా ఉండే పని. తాత కట్టిన ఇల్లు వదిలి కామారెడ్డికి పోవాలని తేల్చారు. బాపు మహా జాగ్రత్త మనిషి. అటుకు మీది పాత కుండలు కూడా దించాడు. కుడితి గోలెం గడ్డపారతో పెళ్లగించాడు. బర్రెను కట్టేసే గుంజను కూడా పీకి లారీలో వేశాడు. కొత్త గుంజైతే అది బెదురుతుందని ఆయన లెక్క. సామాను ఎక్కించాక లోపల ఒకసారి తిరిగి చూసుకొని, ఏదీ మరిచిపోలేదని ఊపిరి పీల్చుకున్నాడు. ఖాలా ఆ పొద్దు ఎప్పటిలాగే వచ్చి పాలు పిండింది. చెంబు దించి, ఎవరి ముఖమూ చూడకుండా తన ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. లారీ కదిలేదాకా నేను ఆ తలుపు వైపే చూశాను. అది తెరుచుకోలేదు. నేను, అమ్మ సామాను మీద కూర్చొని పోయాం. బాపు బర్రెనూ దుడ్డెనూ తోలుకొని లింగంపేట మీదుగా నడిచి వచ్చాడు.

కామారెడ్డిలో మాకు రైలు పట్టాల అవతల ఒక కిరాయి ఇల్లు దొరికింది. పెరట్లో గుంజ పాతారు, గోలెం నిలబెట్టారు. మరునాడు పొద్దున బాపు చెంబు పట్టుకొని కూర్చుంటే బర్రె చేపలేదు. పాడి తెలియని వాళ్లకు చెప్పాలి: దూడ నోరు పెట్టి నాలుగు సార్లు గుద్దితే పొదుగులోకి పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటాం. అది పశువు ఇష్టపడి ఇవ్వాల్సిందే, బలవంతాన గుంజుకునేది కాదు. మా బర్రె దుడ్డెకు నాలుగు చుక్కలు విడిచి, మనిషి చెయ్యి తగలగానే బిగబట్టేది. సాయంత్రమూ అంతే. తరువాతి రోజులూ అంతే.

ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. రైలు కూతకు బెదిరిందన్నారు. నీళ్లు పడలేదన్నారు. దారిలో ఎవరిదో దిష్టి తగిలిందన్నారు. బాపు పత్తిగింజలు నానబెట్టి పెట్టాడు, బెల్లం పెట్టాడు, దిష్టి తీయించాడు. పాలు మాత్రం రాలేదు. పొదుగు గట్టిపడసాగింది. దుడ్డె డొక్కలు లోపలికి పోయాయి. మిల్లు పక్క చాయ్ హోటలాయనకు పాలు పోస్తానని బాపు మాట ఇచ్చి ఉన్నాడు. ఆయన రోజూ మనిషిని పంపడం, అమ్మ ఖాళీ గిన్నె తిప్పి పంపడం. చివరికి బాపు, వచ్చే అంగడికి తోలుకపోతానని తేల్చి చెప్పాడు. చేపని బర్రెను అంగడిలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఆ వయసుకే నాకు తెలుసు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

అసలు సంగతి అమ్మకు మొదటి రోజే తెలుసు. తన చేతుల వల్ల వచ్చిన కష్టమని నోరు విప్పలేదు. అంగడి మాట విన్నాక మాత్రం ఉండలేకపోయింది.

"దానికి ఏ దిష్టీ లేదు. అది ఆపా చెయ్యి కోసం చూస్తున్నది" అంది.

బాపు నెత్తి పట్టుకున్నాడు. "గోలెం తెచ్చిన, గుంజ పీక్కొచ్చిన. ఇప్పుడు ఆపాను గూడ పీక్కరావాల్నా?" అన్నాడు.

కోపంగానే అన్నాడు గానీ, అన్నాక పోయి గుంజ పక్కన కూలబడ్డాడు. ఇంటెడు సామానులో గోడ మేకులు కూడా లెక్కగా తెచ్చుకున్నవాళ్లం, పొద్దూ మాపూ మా కొట్టంలో కూర్చున్న మనిషి ఊసే ఎత్తలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట ఎవరి మీదో కాదు, మా ఇంటి మీదనే.

ఎల్లారెడ్డి నుంచి వడ్లు తెచ్చిన బండి మనిషితో అమ్మ మాట పంపింది. రమ్మని పిలవడానికి ముఖం చెల్లక, బర్రె చేపుతలేదని మాత్రమే చెప్పమంది. ఆ మాట చేరిన మరునాడే ఖాలా నల్ల బురఖా, చేతిలో గుడ్డసంచితో ఎర్రబస్సు దిగి దారి అడుగుతూ మా వాడకు వచ్చింది. సందు మొగదలలో ఆమె ఎవరినో మా ఇల్లు ఏదని అడుగుతున్న గొంతు వినబడింది. మాకంటే ముందు బర్రెకు వినబడింది. అది చెవులు నిక్కించి, తలుగు తెంపుకునేలా అటు తిరిగి, సన్నగా అరిచింది. ఖాలా ఇంకా పెరట్లో అడుగు పెట్టనేలేదు, పొదుగు నుంచి పాలు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. పశువుకు మనసుండదని రాసిన పుస్తకాలు తరువాత నేనూ చదివాను. బడిలో కాదు, నాకు నేనే కూడబలుక్కొని చదివాను. ఆ రాసినవాళ్లు ఏనాడూ బర్రె పక్కన కూర్చోలేదని నాకు మొదటి పేజీలోనే తెలిసిపోయింది.

ఖాలా బురఖా తీసి దండెం మీద వేసి, దాని గంగడోలు నిమిరింది.

"ఏందే బేగం సాబ్, గిన్ని నఖరాలా? నా పుట్టువుల కామారెడ్డి సూడలె. నీ పుణ్యాన బస్సెక్కిన" అంది.

చెంబు నిండింది. ఇంకో గిన్నె తెచ్చాం. ఇంటి ఓనరమ్మ గోడ మీద నుంచి చూస్తూ, ఎల్లారెడ్డి బర్రెకు ఎల్లారెడ్డి చెయ్యే కావాల్నా, మా కామారెడ్డోళ్ల చేతులు చేదా అని ఎత్తిపొడిచింది. చేతులు చేదు కాదమ్మా, ఇంకా ఎరుక గాలేదు అని ఖాలా నవ్వింది.

ఆ రోజు అన్నాల దగ్గర అమ్మ మెల్లగా అడిగింది, ఇప్పుడు పిల్లలకు పాలెక్కడివని. ఖాలా ముద్ద కలుపుతూనే, నల్లచాయ్ తాగుతున్నరు చెల్లె, నల్లగున్నా చాయే గద అంది. అంతవరకు మాలో ఏ ఒక్కరికీ ఆ చెంబు గుర్తు రాలేదు.

ఖాలా ఎన్నాళ్లో ఉండలేదు. ముగ్గురు పిల్లలను భర్త మీద వదిలి వచ్చిన మనిషి. పాలు పిండి పోవడం కాదు, చెయ్యి మార్చి పోవాలని ఆమె వస్తూనే అనుకుంది. అమ్మ చేతులు పనికిరావు, బాపు పొద్దున్నే మిల్లుకు పోవాలి. ఇక మిగిలింది నేను. బర్రెకు తన వాసనే తగలాలని, తన పాత దుపట్టా నా తలకూ భుజాలకూ చుట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. వాడ పిల్లలు గోడెక్కి, కొత్త కోడలొచ్చిందని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఖాలా వాళ్లను తరమలేదు, కోడలైతేనేం, పాలు పిండే కోడలు అని తనూ నవ్వింది. మొదట ఆమె చేతుల మీద నా చేతులు. తరువాత నా చేతుల మీద ఆమె చేతులు. చన్నును గుంజొద్దని, పై నుంచి కిందికి వేళ్లు ఒక్కొక్కటే మూయాలని చూపించింది. వేళ్లు నొప్పులు పుట్టి, చెంబు ఎత్తలేకపోయేవాణ్ని.

తరువాత ఆమె కొద్దికొద్దిగా జరగడం మొదలుపెట్టింది. ఒక పూట నా పక్కన కాక గుంజ దగ్గర నిలబడింది. ఇంకో పూట గోడకు ఆనుకొని కూర్చుంది. మరో పూట గడప మీద కూర్చొని అమ్మకు ఆకు కత్తిరించి పెట్టింది. ఆ తరువాత సందులోకి పోయి, కనబడకుండా ఓనరమ్మతో గట్టిగా మాట్లాడింది, గొంతు మాత్రం కొట్టం దాకా వచ్చేలా. జరిగిన ప్రతిసారీ బర్రె ఒక క్షణం బిగబట్టేది, నేను భయంతో ఆగిపోయేవాణ్ని. ఆగొద్దు, మాట్లాడు అనేది ఖాలా. ఆమె అనే మాటలే నేనూ అనబోతే వారించింది. నా మాటలు నాతో వస్తయి బేటా, నీ మాటలు నువ్వు చెప్పు అంది. ఏం చెప్పాలో తెలియక, కొత్త బడిలో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదని బర్రెకు చెప్పాను. ఎల్లారెడ్డికి పోదామని చెప్పాను. అది నెమరేస్తూ విన్నది. పాలు దిగుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఖాలాను పట్టుకొని, నన్నూ తీసుకుపొమ్మని అడిగాను. అమ్మ వింటున్నదని కూడా చూసుకోలేదు. ఖాలా దుపట్టా కొంగుతో నా ముఖం తుడిచింది. అప్పుడు అన్న మాటలు నాకు ఇప్పటికీ అట్లాగే గుర్తున్నాయి.

"ఆ పొద్దు నేను తలుపేసుకున్న. మీ ముందల ఏడుస్తనని. మనుషులైతే అర్థం జేసుకుంటరు. దీనికేం తెలుసు? తలుపు సూసుకుంట ఉన్నది, నీ లెక్కనే. నాదే తప్పు. ఈసారి చెప్పి పోత. దీనికీ చెప్త, నీకూ చెప్త."

వెళ్లే రోజు పొద్దున ఆమె బురఖా వేసుకొని, సంచి చంకన పెట్టుకొని కొట్టంలోకి వచ్చింది. దుపట్టా నాకు చుట్టలేదు, సంచిలోనే పెట్టుకుంది. బర్రె నుదుటి మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"నేను ఎల్లారెడ్డికి పోతున్న. మళ్ల ఎప్పుడొస్తనో తెల్వది. వీడుంటడు. వీనికి పాలియ్యి."

నన్ను కూర్చొని పిండమంది. బస్టాండు దాకా వస్తానంటే ఒప్పుకోలేదు. నువ్వు పిండుతుండు, నేను పోతుంట, అట్లనే పోవాలె అంది. అమ్మతో ఒకమాట, ఓనరమ్మతో ఒకమాట చెబుతూ సందులోకి నడిచింది. గొంతు ముందు గోడ పక్కన, తరువాత మలుపు దగ్గర, తరువాత రోడ్డు మీద. చిన్నదవుతూ పోయి, రోడ్డు మీది చప్పుళ్లలో కలిసిపోయింది. బర్రె చెవి అటే తిప్పి ఉంచింది. ఒక్క క్షణం ధార ఆగింది. నాకు తోచిన మాటలేవో చెప్పాను, ఏమిటో గుర్తులేదు. దాని డొక్కకు నుదురు ఆనించి ఏడుస్తూనే వేళ్లు మూశాను. పాలు మళ్లీ దిగాయి. నేను ఏడుస్తున్నాను, చెంబు నిండుతున్నది. బాపు మిల్లుకు ఆలస్యమైనా పోకుండా గుమ్మంలో నిలబడి చూశాడు. అంగడి మాట ఇక మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎల్లారెడ్డి వైపు పోయే బండి దొరికినప్పుడల్లా బాపు ఖాలా పిల్లలకని నెయ్యి సీసా పంపేవాడు. దాంతో లోటు తీరిందని నేననను. ఆ పిల్లలు పొద్దున్నే తాగాల్సింది పాలు.

ఇప్పుడు మా వాడలో రోజూ చూస్తుంటాను. పిల్లను బొమ్మల ముందు కూర్చోబెట్టి, అది అటు తిరగగానే తల్లీదండ్రీ చెప్పులు చేతబట్టుకొని జారుకుంటారు. హాస్టల్‌లో దింపిన పిల్లవాడికి చాక్లెట్ కొనిస్తామని చెప్పి, వెనక గేటు నుంచి బస్సెక్కుతారు. ఏడుస్తాడని చెప్పలేదంటారు, అదేదో దయ అయినట్టు. నాకు నోరు ఊరుకోదు, అడ్డం పడి తిడతాను. ముసలాయనకు పని లేదనుకుంటారు. అనుకోనీ.

పోయిన ఏడు నా మనవణ్ని చదువుకని హైదరాబాదులో ఒక హాస్టల్‌లో వదిలి రావాల్సి వచ్చింది. వాడు నిద్రలో ఉండగానే వెళ్లిపోదామని మా కొడుకు అన్నాడు. నేను వాణ్ని లేపి, ముఖం కడిగించి, పక్కన కూర్చోబెట్టుకున్నాను. మేము పోతున్నాం, నువ్వు ఇక్కడ ఉంటావు అని కళ్లలోకి చూసి చెప్పాను. వాడు ఏడ్చాడు. గేటు దాకా, మలుపు దాకా నేను వెనక్కి తిరిగి మాట్లాడుతూనే నడిచాను. మెడ నొప్పి పుట్టింది. వాడు ఏడుస్తూనే చెయ్యి ఊపాడు. కానీ మేము పోయాక వాడు తలుపు వంక చూస్తూ కూర్చోలేదట. తన పెట్టె తనే విప్పుకొని, బట్టలు సర్దుకున్నాడట.