ఇస్త్రీ మచ్చ ఉన్న చేతిమిషను

ప్రస్తుతం మా ఇంట్లో ఐదు కుట్టుమిషన్లున్నాయి. రెండు కాలితో తొక్కేవి, రెండు మోటారువి. ఐదోదాని చక్రం తిరగదు, కానీ కొన్నప్పుడు దాన్ని తిప్పగలనని నాకు గట్టి నమ్మకం. ఇంటికి ఎవరొచ్చినా మావారు, "ఆ మిషను మీద చెయ్యి వేయకండి, మా ఆవిడ బేరం అనుకుంటుంది" అంటారు. ఆయన వేళాకోళంలో తప్పేమీ లేదు. గుడివాడలో ముప్పయ్యేళ్ళుగా పాత చీరలతో బొంతలు కుడుతున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని మిషన్లు కొన్నానో, ఎన్ని మార్చానో నాకే గుర్తు లేదు. ఒకటి నాలుగు మడతలు దాటితే సూది విరుస్తుందని, ఇంకొకటి చప్పుడెక్కువని, మరొకటి బాగానే ఉన్నా పక్కవీధిలో దానికంటే బాగున్నది కనబడిందని మార్చాను. ఎవరింటికైనా వెళ్తే వాళ్ళు టీ తెచ్చేలోపు మిషను మూత తీసి బాబిను చూస్తాను.

పడుచుదనంలో ఇది ఉత్త పిచ్చి. తర్వాత దీనికో కారణం వచ్చింది.

అమ్మది బందరు. ఆవిడకో చేతిమిషనుండేది. కుడిచేత్తో పిడి తిప్పుతూ ఎడమచేత్తో గుడ్డ నడపాలి. దాని చెక్కపీట మీద నల్లటి మచ్చ ఒకటి, ఇస్త్రీపెట్టె ఆకారంలో. వేడి పెట్టెను అక్కడ పెట్టి మరిచిపోయింది నేనే, పదేళ్ళప్పుడు. బొంత కుట్టడం నేర్చుకున్నదీ దాని మీదే. నేను గుడ్డ పట్టుకుంటే అమ్మ పిడి తిప్పేది, తర్వాత నేను తిప్పితే అమ్మ పట్టుకునేది.

అమ్మకు కళ్ళు మసకబారి కుట్టడం మానేసిన రోజుల్లో నా మనసు ఒక మోటారు మిషను మీద పడింది. బందరులో పాత మిషన్లు బాగుచేసి అమ్మే ఆయన, ఏదైనా పాతది తెస్తే మార్పిడికి ఒప్పుకుంటానన్నాడు. నావాటిలో ఏదీ వదలబుద్ధి కాలేదు.

"నీది ఊరికే మూలన పడి ఉంది కదమ్మా" అన్నాను.

"తీసుకెళ్ళవే. నేనేం చేసుకుంటాను" అంది.

ఆ మధ్యాహ్నం అమ్మ మిషనంతా తుడిచింది. కళ్ళు ఆనక, వేలితో తడుముకుంటూ ప్రతి రంధ్రంలోనూ నూనె చుక్క వేసింది. పాత గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వేసి చూసింది. "పుచ్చుకున్నవాళ్ళు ఎండిపోయిన మిషను ఇచ్చారు అనుకోకూడదు" అంది. నాకేమో త్వరగా వెళ్ళి మోటారు మిషను తెచ్చుకోవాలని తొందర. వారం తర్వాత ఫోనులో, "అదెవరు తీసుకున్నారో కనుక్కున్నావా?" అని అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను. ఇంకోసారి అడగలేదు. ఇంకోసారి అడిగి ఉంటే సిగ్గుపడైనా కనుక్కునేదాన్ని.

రెండేళ్ళకు అమ్మ పోయింది. ఆవిడ నేతచీరలు ఎనిమిది నాకొచ్చాయి. పోయినవాళ్ళ చీరలతో బొంత కుట్టించుకోవడం మా ఇళ్ళలో ఉంది. అలాంటివి ఊళ్ళో ఎంతోమందికి కుట్టిచ్చాను. మా అమ్మ చీరల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి రాలేదు. వీటిని కుడితే అమ్మ మిషను మీదే కుట్టాలని పట్టుబట్టాను. చీరలు ఇనపపెట్టెలో పెట్టి మూత వేశాను. మూత తీస్తే అమ్మ వాసన పోతుందని మళ్ళీ తీయలేదు.

అప్పట్నుంచి వెతుకులాట. బందరు ఆయన, పామర్రులో ఎవరో తీసుకెళ్ళారన్నాడు. పామర్రులో అడిగితే, దివిసీమవాళ్ళకు ఇచ్చేశామన్నారు. దివిసీమలో ఏ ఊరో వాళ్ళకు గుర్తు లేదు. ఇక పాత చేతిమిషను ఉందని ఎవరు చెప్పినా బస్సెక్కేదాన్ని. అంత దూరం వెళ్ళి, అది కాదని తెలిశాక, ఊరికే రావాలంటే మొహం చెల్లేది కాదు. కొనుక్కొచ్చేదాన్ని. లేకపోతే ఇంట్లో ఉన్నది ఇచ్చి మార్చుకొచ్చేదాన్ని. ఇలా పదకొండేళ్ళు గడిచాయి.

పోయిన ఏడాది అవనిగడ్డ నుంచి బొంతకు చీరలు తెచ్చిన ఒకావిడ, కోడూరులో వాళ్ళ వదిన కుట్టిందని ఫోనులో ఒక జాకెట్టు చూపించింది. జాకెట్టు వెనక చెక్కపీట, పీట మీద మచ్చ. వాళ్ళ వదిన ఇంటి గుర్తులన్నీ అడిగి రాసుకున్నాను.

మర్నాడే బయలుదేరాను. నా మంచి మోటారు మిషనును బస్సులో ఒళ్ళో బిడ్డలా పెట్టుకుని, పామర్రులో బస్సు మారి, అవనిగడ్డలో ఆటో మాట్లాడుకుని కోడూరు చేరాను. ఆ వదినగారు అరుగు మీద కూర్చుని లంగా అంచు కుడుతున్నారు. అదే మిషను. పిడి దగ్గర ఇనుము ఇంకా నున్నగా అయింది. సంగతంతా చెప్పి, దానికి బదులు ఇది తీసుకోమన్నాను.

"ఏమనుకోకండి అండీ, ఇది ఇవ్వలేను" అన్నారావిడ. "ఇక్కడ గాలి వేస్తే చాలు కరెంటు ఉండదు. ఇదైతే చెయ్యి ఉంటే చాలు. మీ అమ్మగారి చీరలు తెచ్చుకుని ఇక్కడే కుట్టుకోండి. ఎన్ని రోజులైనా సరే."

అంత మంచిమాట నాకు ఎవరూ చెప్పి ఉండరు. ఏడుపొచ్చింది. వారానికి ఇనపపెట్టెతో సహా మళ్ళీ వెళ్ళాను.

అరుగు మీద దుప్పటి పరిచి పెట్టె తెరిచాను. అమ్మ వాసన ఏమీ రాలేదు, తుప్పు వాసన వచ్చింది. మొదటి చీర విప్పుతుంటే మడత దగ్గర చిన్న చప్పుడైంది. పట్టించుకోలేదు. నాలుగు పొరలు చేసి, అంచు సూది కింద పెట్టి, పిడి తిప్పాను. మిషను చక్కగా నడిచింది. గుడ్డే నిలవలేదు, కుట్టు వెంబడి చీలిపోయింది. రెండో చీరా అంతే, మూడోదీ అంతే. పదకొండేళ్ళు ఒకే మడత మీద, గాలి తగలకుండా ఉన్న నేతగుడ్డ. ఉతుకుతూ కట్టుకుంటూ ఉంటే అది ఇంకో ఇరవై ఏళ్ళు ఉండేది.

వదినగారు చీలిన అంచు చేతిలోకి తీసుకుని చూశారు. "అప్పుడే ఏదో ఒక మిషను మీద కుట్టేసి ఉండాల్సిందండీ" అన్నారు మెల్లగా.

నాకు తెలియని సంగతి కాదు. చీరలు దాచిపెట్టి ఆలస్యంగా తెచ్చినవాళ్ళ మీద విసుక్కునేదాన్ని నేనే. బతికుండగా అమ్మ దగ్గర మిషను లాక్కున్నాను, పోయాక చీరలు నా చేతులతోనే చివికిపోయేలా చేసుకున్నాను. అమ్మ ఉంటే తిట్టేది కాదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఆ రోజంతా ఆవిడా నేనూ కూర్చుని, ఎనిమిది చీరల్లో గట్టిగా ఉన్నచోట్లు వెతికి కత్తిరించాం. కొంగుల్లో కొంత, అంచుల్లో కొంత దొరికింది. నేను గుడ్డ పట్టుకుంటే ఆవిడ పిడి తిప్పారు. పొద్దువాలేలోపే పని అయిపోయింది, ఎందుకంటే బొంత పసిపిల్లకు సరిపోయేంతే వచ్చింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు అది కప్పుకునే పడుకుంటున్నాను. నడుము దాటి రాదు. మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుంటే సరిపోతుంది.