టీకాల నాడు నేను ఊళ్లో లేను

మొన్న గుడివాడలో మనవరాలికి టీకా వేయించడానికి వెళ్తే, ఆస్పత్రి గుమ్మంలోనే స్పిరిట్ వాసన ముక్కుకు తగిలి, దివిసీమలో మా ఊరూ, నాన్న పాఠాలు చెప్పిన పెంకుటి బడీ గుర్తుకొచ్చాయి.

ఎండలు ముదిరితే మాకు తాటిముంజలూ, చద్దన్నంలోకి కొత్తావకాయా, కాలవలో ఈతలూ ఎంత ఖాయమో, ఏదో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, "అమ్మవారు పోసింది, అటు వెళ్లకండి" అని పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పడమూ అంతే ఖాయం. ఒక ఏడు టీకాలవాళ్లు వస్తున్నారని తెలిసి నాన్న మా తరగతికి మశూచి గురించి చెప్పారు.

"కళ్లంలో ధాన్యానికి కావలి ఉంటారు కదర్రా, మన ఒంట్లోనూ అలాంటి కావలివాళ్లున్నారు. టీకాలో ఉండేది మశూచి క్రిమి కాదు, దాని పోలికలున్న చుట్టం. అంత చేటు చెయ్యదు. దాన్ని పట్టుకోవడంలో మనవాళ్లు ఆ పోలికలు గుర్తుపెట్టుకుంటారు. రేపు అసలు దొంగొస్తే, ఇల్లు దోచేలోపే పట్టేస్తారు."

తీరా టీకాలవాళ్లు వచ్చే ముందురోజు అమ్మ అడ్డం పడింది. అంతకు ఏడాది ముందే నా తమ్ముడు జ్వరంతో పోయాడు. టీకా వేస్తే జ్వరమొస్తుందని ఆవిడతో ఎవరో అన్నారు.

"ఉన్న ఒక్కదాన్నీ జ్వరం పాలు చేస్తారా?" అంది.

నాన్న ఎదురు చెప్పలేక నన్ను పామిడిముక్కలలో మావయ్య ఇంటికి బస్సెక్కించారు.

నేను తిరిగొచ్చిన కొన్ని వారాలకు పక్కింటి సీతకు మశూచి సోకింది. సీతా నేనూ బళ్లో ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. పిల్లకు టీకా ఎందుకు వేయించలేదని నాన్న వాకిట్లో నిలబడి అడిగితే, సీత తల్లి నాంచారమ్మ తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"మీ పాపని ఊరు దాటించారు కదండీ మాస్టారూ. అది చూసే మేమూ తలుపేసుకున్నాం."

ఆ పూటే నాన్న నన్ను సైకిలు మీద అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్లి టీకా వేయించారు. మర్నాడు తరగతిలో, "నేను మీకు చెప్పింది నిజం. చేసింది తప్పు" అని, వెనక్కి తిరిగి, ఏమీ రాయని నల్లబల్లను చాలాసేపు తుడుస్తూ ఉండిపోయారు. అందరూ నావైపే చూస్తుంటే, చాప మీద ఖాళీగా ఉన్న సీత చోటు మీంచి నేను చూపు ఎత్తలేకపోయాను.

నాకు కాస్త జ్వరమొచ్చి తగ్గింది. సీత బతికింది గానీ, మొహమంతా గుంటలు పడి మళ్లీ బడికి రాలేదు.

ఇప్పుడు మశూచి లోకంలోనే లేదు. ఆ టీకా, పిల్లల చేతుల మీద దాని గుండ్రటి మచ్చా లేవు. నాన్నా లేరు. సీత పెడనలో కూతురి దగ్గర ఉంటోందట. బస్సెక్కితే గంట ప్రయాణం. వెళ్లడానికి నాకింకా మొహం చెల్లలేదు.