గుడి స్తంభం పక్కన పేరు లేని మనిషి

మొన్న జగిత్యాలలో నూడుల్స్ బండి దాటుతుంటే వెనిగర్ ఘాటు ముక్కుకు తగిలింది. ఫోటోలు కడిగే మందుదీ ఇదే వాసన. వెంటనే ఫరీద్ గారు గుర్తొచ్చారు.

తొంభైల మొదట్లో నేను ఒమాన్‌లో, బహ్లా దగ్గర ఒక పాత మట్టికోట మరమ్మతు సైట్‌లో మేస్త్రీని. ఫరీద్ గారిది ఈజిప్టు. అరవై దాటిన మనిషి. మేం గోడ మీద చెయ్యి వేసేముందు దాన్ని అన్ని వైపులా ఫోటో తీయడం ఆయన డ్యూటీ. వచ్చీరాని హిందీలో మాట్లాడేవారు. మేం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఒకరోజు భోజనాల వేళ నాకో పాత ఫోటో చూపించారు. కెమెరాలు కొత్తగా వచ్చిన కాలంలో వాళ్ల ఊరి ప్రాచీన గుడిని తీసింది. గుడి సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. స్తంభం పక్కన తలపాగా చుట్టుకున్న కూలీ ఒకడు నిలబడ్డాడు. ఆ రోజుల్లో బొమ్మ పడేదాకా కదలకూడదట. తర్వాతెప్పుడో స్తంభం కూలితే ఈ ఫోటో చూసే మళ్లీ నిలబెట్టారట. ఆ కూలీ ఎవరని అడిగాను.

"మా ముత్తాత అని ఇంట్లో అంటారు. ఫోటో తీసినాయన స్తంభం కొలత రాశాడు, మనిషి పేరు రాయలేదు," అన్నారు.

ఆ చలికాలం వానలకు కోట తూర్పు గోడ బీటలిచ్చింది. వెంటనే పడగొట్టమన్నాడు ఫోర్‌మన్. ఇంకా ఫోటో తీయలేదని ఉస్తాద్ అడ్డుపడ్డారు. పని ఆపినవాణ్ణి ఇండియా పంపిస్తానని ఫోర్‌మన్ మావైపు తిరిగి బెదిరించాడు. ఉస్తాద్ గోడకెదురుగా కెమెరా నిలబెట్టి, ఎత్తు తెలియడానికి ఒక మనిషి కావాలన్నారు. ఎవరూ కదల్లేదు. నాకూ భయంగానే ఉంది. అయినా పలుగు కిందపెట్టి, బీటలకు దూరంగా గట్టిగా ఉన్న చివరన నిలబడ్డాను. ఒక్కో బీటా ఫోటో తీయడం అయ్యేసరికి మధ్యాహ్నమైంది, అందాకా ఎండలో అలాగే ఉన్నాను. ఫోర్‌మన్ నన్ను ఇండియా పంపలేదు గానీ, నెలరోజులు మట్టి తొక్కే పనిలో వేశాడు.

పడగొట్టిన ఆ గోడ మళ్లీ కట్టేటప్పుడు కిటికీలు ఏ ఎత్తులో ఉండేవో ఎవరికీ తెలియలేదు. ఉస్తాద్ ఆ ఫోటో తెచ్చారు. నా ఎత్తును బట్టి లెక్క కట్టాం. ఫోర్‌మనే నా చేతికి తాపీ ఇచ్చాడు. ఫోటో వెనక అరబ్బీలో ఏదో రాసి ఉంటే ఏమిటని అడిగాను. ఉస్తాద్ వేలు పెట్టి చదివారు: "మల్లయ్య, మేస్త్రీ."

పోయినేడు మా దగ్గర ఒక పాత బడి కూల్చే పని వచ్చింది. ఫోటోలు అయ్యేదాకా గడ్డపార ఎత్తనివ్వలేదు. కాంట్రాక్టర్ అరిచాడు, నేను వినలేదు. తట్ట మోసే లచ్చవ్వను గోడ పక్కన నిలబడమన్నాను.

"నేనెందుకు మేస్త్రీ?" అంటూనే కొంగు సర్దుకుని నిలబడింది.

గోడ కొలత రాసే ముందే ఆమె పేరు రాశాను.