బావిని ఆపిన సబ్బు

బొగ్గు బావిని ఒక పూట మూయించాలంటే సాధారణంగా సమ్మె కావాలి, లేదా గోదావరికి వరద రావాలి. ఈ రెండూ లేకుండా, ఒక్క నినాదమైనా ఇవ్వకుండా, కేవలం స్నానపు సబ్బుతో ఆ పని సాధించిన వ్యక్తి మా ప్రాంతంలో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ నేనే. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నందువల్లనే అంత పెద్ద పొరపాటు చేయగలిగానని నా నమ్మకం. చదువు లేనివారు ఏదో తొందరలో పొరబడతారు. నేను తూకం వేసి, ఉష్ణోగ్రత చూసి, క్రమపద్ధతిలో పొరబడ్డాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా పదేళ్లు నిండని కాలం. మంచిర్యాల దగ్గర బొగ్గు బావి కార్మికుల కాలనీలో మా క్వార్టరు. మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు ఆ బావిలో సర్దార్. లోపల పనిచేసే మనుషుల క్షేమం చూసి, ప్రమాదం పొడసూపితే అందరినీ బయటికి పంపవలసిన బాధ్యత సర్దార్‌ది. ఆయన అంగీని అవ్వ బండమీద ఉతుకుతుంటే, బొగ్గు పోయేలోపు బట్టే పోయేది. ఆ అంగీలను చూస్తూ పెరిగిన నేను, బడిలో చదివే రోజుల్లోనే సబ్బు ఫ్యాక్టరీ పెడతానని ప్రకటించాను. చుట్టాలు నవ్వి, నా చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపారు. హైదరాబాదులో బి.ఎస్‌సీ. పూర్తి చేసి వచ్చి మళ్లీ అదే మాట అన్నప్పుడు మాత్రం ఎవరూ బెల్లం పెట్టలేదు.

"ఫ్యాక్టరీ ఎవలతోని పెడుతవు?" అన్నాడు బాపు, అన్నం కలుపుతూ.

"నేనే పెడుత."

"ఫ్యాక్టరీకి పొగగొట్టం ఉంటది బిడ్డా. నీకు కట్టెల పొయ్యి ఉన్నది."

"పొయ్యితోని మొదలువెడత. పొగగొట్టం తర్వాత మొలుస్తది."

అవ్వ నవ్వింది. బాపు నవ్వలేదు. కరీంనగర్‌లోని ఒక ఆడపిల్లల బడిలో నాకు పంతులమ్మ ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఆయన మాట తేల్చేశాడు: "బడులు తెరిచేలోపు నీ సబ్బు మన కాలనీ స్టోరుల కనవడాలె. కనవడకపోతే సప్పుడు చెయ్యకుంట కరీంనగర్ బస్సెక్కాలె."

కనుక నా భవిష్యత్తు మొత్తం ఆ వేసవి పొడవుమీద ఆధారపడింది. ఆ ఏడు ఎండలు ఇంకొన్నాళ్లు సాగాలని కోరుకున్న మనిషి మా జిల్లాలో బహుశా నేనొక్కదాన్నే.

పక్క క్వార్టరు రాజక్క నా మొదటి ఉద్యోగి. ఆమె భర్త ఓదెలు బావ బావిలో బొగ్గు నింపేవాడు. కాగజ్‌నగర్ వ్యాపారి దగ్గర కాస్టిక్ సోడా తెప్పించాను. ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చే ఇప్పగింజల నూనె చవకగా దొరికింది. రాజక్క పెరట్లో పొయ్యి వెలిగించి, నేను పుస్తకం ప్రకారం, ఆమె తన ఇష్టప్రకారం కలియబెట్టగా, తొలి సబ్బు గట్టిపడింది. చూడటానికి చక్కగా ఉంది. వాసన చూస్తే తెలగపిండి గుర్తుకు వచ్చింది.

"చెల్లే," అంది రాజక్క ముక్కు చీర కొంగుతో మూసుకుని, "గీ సబ్బుతోని తానం చేసినంక, గీ వాసన పోయెటందుకు ఇంకో సబ్బు కావాలె."

"అయితే సువాసన కలుపుదాం."

"ఎంత కలుపుతవు?"

"ఇప్పనూనె వాసన ఓడిపోయేదాంక."

పాఠకులు ఈ చివరి వాక్యాన్ని మరొకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. శాస్త్రం చదివిన మనిషి కొలత చెప్పవలసిన చోట యుద్ధం ప్రకటించింది.

మా అడవుల్లో రూసా గడ్డి పెరుగుతుంది. దానినుంచి తీసే నూనె గులాబీకి దూరపు చుట్టంలా పరిమళిస్తుంది. నాకు దొరికిన నూనెను ఎవరో కిరసనాయిలు డ్రమ్ములో, కింద మంట ఎక్కువ పెట్టి, అడుగంటేలా కాచారు. సీసా మూత తీయగానే గులాబీ; ముక్కు కొంచెంసేపు అక్కడే నిలిపితే, ఆ గులాబీ వెనక ఏదో మాడుతున్న జాడ. నేను ముక్కును అంతసేపు నిలపలేదు.

అంతటితో ఆగితే కథ చిన్నదయ్యేది. నా సబ్బుకు ఒక సిద్ధాంతం కూడా ఉంది. దానిని కాలనీ స్టోరు సెక్రటరీ హమీద్ చాచాకు నిలబెట్టి వినిపించాను.

"చాచా, గిందుల నూనె జర ఎక్కువనే ఉంచిన. బాయికి పోయేముందు తానం చేస్తే ఒంటిమీద సన్నటి పొర మిగులుతది. బొగ్గు పొడి ఒంటికి అంటుకోదు, గా పొరకే అంటుకుంటది. ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటే కొట్టుకపోతది."

"బాయిల దిగేముందు తానం చేసేటోన్ని నేనింతవరకు చూడలే బేటీ. అందరు ఎక్కినంకనే చేస్తరు."

"ఇగ చూస్తరు."

ఆయన సబ్బును తిప్పి తిప్పి చూశాడు. "మంచిది. ముందుగాల వాళ్లకు ఉత్తగనే ఇయ్యి. మల్ల కావాలని వాళ్లే వచ్చి నన్నడిగితే స్టోరుల పెడత. అడగకపోతే నాతోని పంచాది వద్దు."

మొదటి షిఫ్టువాళ్లందరికీ ఇంటింటికీ తిరిగి సబ్బులు పంచాము. ఒంటికి వాడమని నేను చెప్పాను; అంగీలకు కూడా వాడమని రాజక్క తన సొంత బాధ్యతమీద చెప్పింది. ఓదెలు బావ సబ్బును వాసన చూసి, "గిది రాసుకొని పోతె బాయిల నన్ను గుర్తువడతరా మరదలా?" అన్నాడు.

"చీకట్ల ముఖం ఎట్లయిన కనవడదు బావా. వాసనతోనన్న గుర్తువడతరు."

బాపు ఒక్కడే తీసుకోలేదు. "నేను బాయికి పోతున్న. పెండ్లికి కాదు," అని తన పాత ముక్కతోనే సరిపెట్టుకున్నాడు.

ఆ మరునాడు తెల్లవారి షిఫ్టు మా వీధిలోంచి నడిచి వెళ్లిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంది. తలలకు నూనె, చేతుల్లో దీపాలు, భుజాలమీద పారలు, ఒళ్లంతా రూసా పరిమళం. అత్తరు దుకాణం కాళ్లు మొలిచి పనికి పోతున్నట్లు ఉంది. నేను గడపలో నిలబడి, ఫ్యాక్టరీకి ఏ పేరు పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

పొద్దు నడినెత్తికి రాకముందే బావి సైరన్ మోగింది.

షిఫ్టు మారే వేళ కాని వేళలో సైరన్ మోగితే మా కాలనీలో ఎవరూ ఎవరినీ ఏమైందని అడగరు. పొయ్యిమీది గిన్నె పొయ్యిమీదే ఉంటుంది. ఆడవాళ్లందరూ, స్టోరు వదిలి హమీద్ చాచా, బావి వైపు పరుగెత్తారు. అవ్వ, నేను, రాజక్క చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరుగెత్తాము. ఆ దారిలో నాకు సబ్బు గుర్తులేదు, కరీంనగర్ గుర్తులేదు. బాపు ఉన్నాడా అన్నది ఒక్కటే.

బావి నోటి దగ్గరికి చేరేసరికి మనుషులు ఏటవాలు దారిలో వరుసగా నడిచి బయటికి వస్తున్నారు. ఎవరికీ దెబ్బ లేదు. ఓదెలు బావ ఒళ్లంతా తడిమి చూసుకుని రాజక్క మళ్లీ మా పక్కకు వచ్చింది. అందరికంటే చివర, తన మనుషులందరూ వచ్చారని నిశ్చయించుకున్న తరువాత, బాపు వచ్చాడు. మేనేజరు ఎదురు వెళ్లాడు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, ఇంజనీరు, తొణకనివాడు.

"ఏమైంది సర్దార్?"

"వాసన సార్. లోపలి గాలి తిరిగి బయటికొచ్చే దారి ఉన్నది గద, ఆడ. తియ్యగ ఉన్నది, అడుగున మాడినట్టున్నది. యాడనో బొగ్గు తనంతట తనే రాజుకుంటున్నది. నాకు అనుమానమైంది, పని బంద్ చేయించి అందరిని బయటికి పంపిన."

"మంచి పని చేశారు. నేను లోపలికి వెళ్లి చూస్తాను."

మా ప్రాంతపు బొగ్గుకు లోలోపల తనంతట తానే వేడెక్కే గుణం ఉంది. మంటకంటే ముందు, పొగకంటే ముందు వాసన వస్తుంది. దానిని పసిగట్టే ముక్కు ఉన్న సర్దార్ ఉంటే మనుషులు బతుకుతారు. నేను గర్వంతో రాజక్క చెవిలో, "చూసినవా, మా బాపు ముక్కు ఇంతమంది పానాలు కాపాడింది," అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

మేనేజరు పరికరాలతో, ఇద్దరు అనుభవజ్ఞులతో లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి తిరిగి వచ్చాడు.

"ఏమీ లేదు సర్దార్. వేడి లేదు, వాయువు లేదు. వాసన కూడా లేదు."

"ఇందాక ఉండె సార్."

"ఉండే ఉంటుంది. మనుషులు ఉన్నప్పుడు ఉంది. మనుషులు వచ్చేశారు, పోయింది."

తర్కం మేనేజరు ముఖంలో ఒక్కొక్క మెట్టే ఎక్కడం నేను చూశాను. అదే క్షణాన నా తలలోనూ ఎక్కింది. బావి లోపలి వేడి, మనుషుల చెమట. తేలికైన గులాబీ వాసన ముందే ఎగిరిపోతుంది. బరువైన మాడు వాసన ఒంటిమీద మిగులుతుంది. రాసుకున్నవాళ్ల ముక్కులకు అది అలవాటైపోతుంది, వాళ్లకు తెలియదు. లోపలికి వచ్చిన గాలి ఆ ఒళ్లన్నింటినీ తాకుతూ పోయి, చివరికి ఒకే దారిలో బయటికి వస్తుంది. సరిగ్గా ఆ దారిలో నిలబడి ఉన్నాడు, ఆ షిఫ్టు మొత్తంలో నా సబ్బు ముట్టని ఏకైక మనిషి. ప్రయోగాన్ని నేనే రూపొందించినా ఇంత నిర్దుష్టంగా కుదిరేది కాదు.

మేనేజరు ఓదెలు బావ దగ్గరికి నడిచాడు. "ఏం రాసుకొచ్చావయ్యా?"

"ఏం రాసుకోలే సార్. తానం చేసిన."

"పనిలోకి వచ్చేముందా?"

"సర్దార్ బిడ్డ చెయ్యుమన్నది సార్. బొగ్గు అంటుకోదట." చేతులు చూసుకుని, "అంటుకున్నది," అన్నాడు.

బాపు వంగి ఓదెలు బావ కాలరు దగ్గర ముక్కు పెట్టాడు. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు.

"గిదే," అన్నాడు.

బావి నోటి దగ్గరున్న తలలన్నీ నా వైపు తిరిగాయి. రాజక్క నా పక్కనుంచి అడుగు దూరం జరిగి, ఎవరూ అడగకుండానే చెప్పింది: "నేను కలుపుడే సార్. లెక్కలన్ని ఆమెయే."

"సార్, ఇందులో కారణం ఏమిటంటే," అని నేను కళాశాల భాషలో ప్రారంభించాను, "భిన్న పదార్థాలు భిన్న ఉష్ణోగ్రతల వద్ద..."

"బిడ్డా," అన్నాడు బాపు, "జర నోరు మూసుకో."

మేనేజరు పెదవులు బిగించాడు. అది కోపమా, నవ్వా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. "సర్దార్ చేసింది సరైన పనే. తెలియని వాసన వస్తే మనుషుల్ని బయటికి పంపడమే ఆయన ఉద్యోగం. రేపు మళ్లీ వచ్చినా అదే చెయ్యాలి. కానీ ఆ రేపు నాకు వద్దు. హమీద్ గారూ, ఇకమీదట బావిలోకి దిగేవాడెవడూ వాసన సబ్బు వాడకూడదు. స్టోరులో అలాంటివి ఒక్కటీ ఉంచకండి."

నా ఫ్యాక్టరీ పుట్టకుండానే మూతపడింది. కరీంనగర్ బస్సు హారను నాకు వినిపించింది.

హమీద్ చాచా తల గోక్కున్నాడు. "సార్, స్టోరుల ఉన్నయన్ని వాసన సబ్బులే. బొంబాయివి, మద్రాసువి, అన్ని గంతే. అవన్ని తీసేస్తే, వీళ్లు ఒళ్లు దేనితోని కడుక్కోవాలె?"

ఆ మాటతో నాకు ఒక సంగతి అర్థమైంది. నా పొరపాటు నా సబ్బుతోపాటు దేశంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నింటినీ మా కాలనీనుంచి ఒక్క దెబ్బతో వెళ్లగొట్టింది. అంగడి ఖాళీగా ఉంది.

"నా దగ్గర వాసన లేని సబ్బు ఉన్నది సార్," అన్నాను.

రాజక్క నోరు తెరిచింది. నేను ఆమె కాలు తొక్కాను.

"ఉందా?" అన్నాడు మేనేజరు.

"వచ్చే వారంకల్లా ఉంటది."

బాపు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి వాసన చూడటానికి కాదు.

ఆ వారమంతా ఇప్పనూనెను ఉప్పునీళ్లతో కాచి, కడిగి, తేర్చి, మళ్లీ కాచి, దాని వాసనను మూలంలోనే తీసివేశాము. మొదట చేయవలసిన పని అదే. మేనేజరు ఒక షరతు పెట్టాడు: ప్రతి వాయినీ సర్దార్ వాసన చూసి ఒప్పుకోవాలి. నా సబ్బును ముట్టనన్న మనిషి దానికి అధికారిక పరీక్షకుడయ్యాడు. మొదటి వాయిని చాలాసేపు చూసి, "ఏం వాసన లేదు," అన్నాడు. నా వ్యాపారానికి అంతకంటే గొప్ప ఆశీర్వచనం ఎవరూ ఇవ్వలేదు. బడులు తెరిచేనాటికి సబ్బు స్టోరులో ఉంది. కరీంనగర్ బడికి మరొక పంతులమ్మ దొరికింది. ఏడాది తిరిగేసరికి మంచిర్యాల దారిలో రేకుల షెడ్డు వేసి, కాలనీ ఆడవాళ్లను పనిలో పెట్టుకుని, గుమ్మంపైన నా పేరుతో బోర్డు వేలాడదీశాను.

ఆ బోర్డు రంగు ఆరకముందే ఓదెలు బావ వచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మరదలా, గా పాత సబ్బు ఒక్క ముక్కన్న మిగిలిందా?"

"ఎందుకు బావా?"

"రేపు మేనకోడలి లగ్గం. సెలవు అడిగితే దొరకలే."

"లేదు. ఉన్నా ఇయ్య. బాయి ఆపుడంటే పరాచికాలా?"

ముఖం వేలాడేసుకుని పోయాడు. అప్పటిదాకా గుమ్మం పక్కన కూర్చుని కొత్త వాయి వాసన చూస్తున్న బాపు, అతను మలుపు తిరిగేదాకా ఆగి, నెమ్మదిగా అడిగాడు: "నిజంగనే ఏం మిగలలేదా బిడ్డా?"

"లేదు బాపూ. ఎందుకు?"

"ఏం లేదు," అన్నాడు, చేతిలోని సబ్బును దీక్షగా చూస్తూ. "ఎల్లుండి వేములాడ గుడికి పోదామని మీ అవ్వ పానం తీస్తున్నది."

అందుచేత పాఠకుల సమక్షంలో, రసాయనశాస్త్రం సాక్షిగా, ఈ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ వస్తువునైనా నా బల్లమీద కాక, దానిని వాడే మనిషి చెమటలో పరీక్షిస్తాను. శత్రువు వాసన ఎంత బలమైనదైనా కొలత దాటి యుద్ధానికి దిగను. ఇక ఆ సబ్బును, ఎవరు ఎంత బతిమాలినా, కన్నతండ్రే కళ్లు దించుకుని అడిగినా, ఈ జన్మలో మళ్లీ వండను. పాళ్లు మాత్రం కంఠతా వచ్చు. దయచేసి అడగకండి.