నేరమంతా రేడియోదే

మా నాన్న చెవులు పోయాయని ఇంట్లో అందరికీ తెలుసు, నాన్నకి తప్ప. ఆయనకి తెలియనివ్వకూడదని అమ్మ హుకుం. నేరం ఎవరో ఒకరి మీద వేయాలి కాబట్టి వ్యానులోని రేడియో మీద వేశాం. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, మా ఇంట్లో ఆడేవాడు ఆ మాట అనకముందే మేమే మద్దెలని తిట్టడం మొదలుపెట్టాం.

అసలు చెవులు ఎప్పుడు పోయాయో మాకు సరిగ్గా తెలియదు. నాన్న సర్వీసంతా మా దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్ పక్క చాథం నుంచి బాంబూఫ్లాట్‌కి తిరిగే ఫెర్రీలో, ఇంజన్ రూములో గడిచింది. అక్కడ మాట్లాడాలంటే అరవాలి, లేదంటే చేతులతో సైగ చేయాలి. ఆ అరుపుని ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన అరిస్తే మేమూ అరిచాం. ఉప్పు అందుకోమనాలన్నా, స్నానానికి నీళ్ళు కాగాయని చెప్పాలన్నా మా కొంపలో ఒకటే గోల. రిటైరయ్యాక ప్రోతరాపూర్‌లో ఇల్లు కట్టుకుని దిగిన రోజున పక్కింటి దీదీ పరుగున వచ్చి మొగుడూ పెళ్ళాల తగువు తీర్చబోయింది. వాళ్ళు చేపల పులుసులో చింతపండు సరిపోయిందా లేదా అని మాట్లాడుకుంటున్నారు, అంతే. అలాంటి ఇంట్లో ఒక మనిషి చెవులు మెల్లమెల్లగా మూసుకుపోతే ఎవరు కనిపెడతారు?

వ్యానులో రేడియో మోత వల్ల సంగతి బయటపడ్డాక అమ్మ నా నోరూ తమ్ముడి నోరూ కట్టేసింది. ఇంట్లో చెవి అన్న మాటే వినపడకూడదంది. జూకాలు పెట్టుకున్నాను అనాలే గానీ చెవులకి పెట్టుకున్నాను అనకూడదు. నేను డాలీగంజ్ బళ్ళో టీచర్ని. 'చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాట్ట' అనే సామెత పిల్లల ముందు నా నోట అలవోకగా వచ్చేస్తుంది. ఇంటికొచ్చి దాన్ని మింగడం ఎంత కష్టమో మింగినవాళ్ళకే తెలుసు.

అమ్మ భయానికి కారణం లేకపోలేదు. మేం బాంబూఫ్లాట్‌లో ఉన్నప్పుడు నాన్నకంటే ముందు రిటైరైన ఇంజన్ డ్రైవరు ఒకాయన మా వీధి చివర ఉండేవాడు. ఆయనకి బ్రహ్మచెవుడు. నాన్న ఆయన్ని వెక్కిరించడంలో దిట్ట. చెయ్యి చెవి వెనకాల పెట్టుకుని, నోరు తెరుచుకుని, అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేని జవాబులు చెబుతూ నటించేవాడు. వీధంతా పడీపడీ నవ్వేది. అంత వెక్కిరించిన మనిషి తనూ అదే వరసలోకి వచ్చి నిలబడ్డాడని తెలిస్తే తట్టుకోలేడు. తట్టుకోలేక ఏం చేస్తాడో కూడా అమ్మకి తెలుసు. వ్యాను తాళం పక్కన పడేస్తాడు.

ఆ తాళం సంగతి చెప్పాలి. ఫెర్రీ నుంచి దిగిపోయిన కొత్తలో నాన్న రోజూ తొలి ఫెర్రీ వేళకి లేచి, చొక్కా తొడుక్కుని, వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్ళడు. ఎండ వచ్చాక చొక్కా విప్పి లోపలికి వచ్చేవాడు. ఆ కుర్చీలోనే మనిషి అయిపోతాడేమోనని అమ్మ నా దగ్గర ఏడ్చింది. అప్పుడే తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండ్ వ్యాను దొరికింది. దాని బానెట్టు ఎత్తి తల లోపల పెట్టిన రోజున నాన్న మళ్ళీ మనిషయ్యాడు. నన్ను బడికి దింపడం తన డ్యూటీ అని తనే ప్రకటించుకున్నాడు. కాబట్టి వ్యాను పోతే నాన్న మళ్ళీ ఆ కుర్చీలోకి పోతాడు. మేం కాపాడుతున్నది అదీ.

కాపాడుతూ కాపాడుతూ నేనే పోయేలా ఉన్నాను. వ్యాను కంపెనీవాళ్ళు బండితోపాటే బిగించి ఇచ్చిన రేడియో అది, చిన్నది, బుద్ధిమంతురాలు. నాన్న దాని మీట చివరికంటా తిప్పేసి, "దీని గొంతు పట్టీసిందే" అని బాధపడేవాడు. నేను చెవుల్లో దూది పెట్టుకుని కొంగు కప్పుకునేదాన్ని. ఒకరోజు వెనకాల బస్సు ప్రోతరాపూర్ మలుపు నుంచి హారన్ కొడుతూనే ఉంది. నాన్న రోడ్డు మధ్యలో రాజులా వెళుతున్నాడు. ఆఖరికి ఆ బస్సు మమ్మల్ని రాసుకున్నంత పని చేస్తూ దాటిపోయింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి మా వంశాన్నంతా హిందీలో తలుచుకున్నాడు. పలకరిస్తున్నాడనుకుని నాన్న నవ్వుతూ చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం ఇక చెప్పేద్దామని అమ్మతో అన్నాను. పిల్లి మెడలో గంట ఎవరు కడతారంది. నేనే కడతానన్నాను. కడితే నా శవం చూస్తావంది. మా అమ్మ ఈ ఒక్క మాటతోనే సంసారమంతా ఈదుకొచ్చింది. మేం ఇలా గుసగుసలాడుతుంటే, అంటే మా ఇంటి గుసగుస, నాన్న వచ్చి రేడియో మార్చేయాల్సిందేనని ప్రకటించాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది.

అక్కడి నుంచి కంపెనీదా, బయటిదా అన్న యుద్ధం. నాన్నది కంపెనీ పక్షం. ఇంజన్ మనిషి కదా, ఏ బండికి ఏ ముక్క పుట్టిందో ఆ ముక్కే పెట్టాలంటాడు. బయటి సెట్టు పెద్దది, దాన్ని దూర్చాలంటే డాష్‌బోర్డు కోయాలి. ఒరిజినల్ మీద రంపం పెట్టినవాడు బాగుపడినట్టు ఆయన చూడలేదట. పోర్ట్ బ్లెయిర్‌లో స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళి అలాంటిదే కావాలని అడిగాడు. కొట్టాయన నెక్స్ట్ షిప్ అన్నాడు. మా దీవుల్లో ఉల్లిపాయల దగ్గర్నుంచి పెళ్ళికొడుకు దాకా ఏది అడిగినా నెక్స్ట్ షిప్పే. షిప్ వచ్చింది. పెట్టె విప్పితే అందులో తలుపుల హ్యాండిళ్ళున్నాయి. మళ్ళీ నెక్స్ట్ షిప్.

తమ్ముడిది బయటి పక్షం. వాడికి ఆఫీసులో పని తక్కువ, కొట్లలో తిరగడం ఎక్కువ. డాలీగంజ్ రోడ్డు మీద కార్ల ఎలక్ట్రీషియన్ భయ్యా దగ్గర ఒక సెట్టు చూసొచ్చాడు. దానికి నీలం దీపాలు, వెనక తలుపుల్లో పెద్ద స్పీకర్లు, పైగా రిమోట్. చెయ్యి చాపితే వెనక అద్దం తగిలే వ్యానులో రిమోట్ ఎందుకురా అంటే, అక్కా నీకు టెక్నాలజీ తెలీదన్నాడు.

నవ్వొచ్చే సంగతేమిటంటే అమ్మ బయటి పక్షంలో చేరింది. జన్మలో ఒక పాట పూర్తిగా వినని మనిషి, ఏది ఎక్కువ అరుస్తుందో అదే పెట్టించమంది. రేడియో ఆయనకి వినపడితే చాలు, ఇక ఆ ఊసే రాదని ఆవిడ లెక్క. నేను కంపెనీ పక్షంలో చేరాను. రేడియో ఇంకా అరిస్తే బస్సు హారన్ నాక్కూడా వినపడదని నా భయం. భోజనాల దగ్గర కూర్చుని నలుగురం రేడియో గురించి కొట్టుకుచస్తున్నాం. అందులో ముగ్గురికి లోపం రేడియోది కాదని తెలుసు. రోగం ఒకచోట, మందు ఇంకోచోట. ఇంత చదువుకుని నేనూ అందులో వేషం కట్టినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

మూడో షిప్‌లో కూడా ఏదీ రాకపోవడంతో నాన్న మెత్తబడ్డాడు. ఒక ఆదివారం పొద్దున్న నాన్నా, తమ్ముడూ, నేనూ భయ్యా షెడ్డుకి వెళ్ళాం. అమ్మ ఇంట్లోనే ఉండి దేవుడికి దీపం పెట్టింది. రేడియో కోసం దీపం పెట్టిన ఇల్లాలు ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది. భయ్యా మంచి మాటకారి. మిషన్ల సంగతి నాన్నకే వివరించడం మొదలుపెట్టాడు, మేనమామకి పుట్టింటి సంగతులు చెప్పినట్టు. నాన్న ఆయన పెదాల వంకే చూస్తూ తలాడించాడు. రంపం డాష్‌బోర్డు మీద పడ్డప్పుడు మాత్రం బయటికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

బిగించడం అయ్యాక భయ్యా, "అంకుల్, బైఠియే, సినిమా హాల్ హో గయా" అని నాన్నని సీట్లో కూర్చోబెట్టాడు. నీలం దీపాలు వెలిగాయి. నాన్న మీట పట్టుకుని తిప్పాడు. సగానికే షెడ్డు రేకులు దడదడలాడాయి. గోడవార పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటింది. పక్కన టీ కొట్టు ముందున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని నిలబడిపోయారు. నాన్న ఇంకా తిప్పాడు. చివరికంటా తిప్పాడు. తల వంచి కాసేపు విన్నాడు. పెదవి విరిచి, ఇదీ అంతేనని భయ్యాకి చెప్పడానికి వ్యాను దిగాడు.

దిగి మమ్మల్ని చూశాడు.

భయ్యా రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని ఉన్నాడు. తమ్ముడూ అంతే. నేనూ అంతే. అవతల టీ కొట్టు ముందు ఒకాయన గ్లాసు బల్ల మీద పెట్టి మరీ వేళ్ళు పెట్టుకున్నాడు. నేను చప్పున చేతులు దించేశాను, కానీ లాభం లేకపోయింది. నాన్న ఒక్కొక్కరి ముఖం వంకా వరసగా చూశాడు. జీవితమంతా ఇంజన్ రూములో మనుషుల ముఖాలు చూసి మాట అర్థం చేసుకున్నవాడికి మేం ఏం దాస్తాం? ఆ క్షణాన నేను భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఆయన మళ్ళీ వ్యాను ఎక్కి రేడియో ఆపేశాడు. తర్వాత పక్క సీట్లోకి జరిగి, నడపమని తమ్ముడికి చేత్తో సైగ చేశాడు. తన వ్యానులో ఆ సీట్లో ఆయన కూర్చోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

దారి పొడుగునా ఎవరం మాట్లాడలేదు. మా కుటుంబం అంతసేపు నోరు మూసుకుని ఉండడం అదే మొదలు. నేను వెనక కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను. ఆయనకి ఎలాగూ వినపడదని ముక్కు కూడా గట్టిగానే చీదాను. అద్దంలో కనపడుతుందన్న సంగతి తర్వాత తట్టింది.

ఇంటి ముందు ఆగగానే అమ్మ గుమ్మంలోంచే, "ఏఁవండీ, బాగా పలుకుతోందా?" అని అరిచింది. నాన్న తమ్ముడి చేతిలోంచి తాళం తీసుకుని, మెట్లెక్కి, దాన్ని అమ్మ అరచేతిలో పెట్టాడు.

"రేడియోకేటీ, బాగానే ఉంది. నా చెవులే కంపెనీవి. అరిగిపోనాయి."

అమ్మ నా వంక చూసింది. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. ఇన్నాళ్ళూ ఆ మాట ఇంట్లో వినపడకూడదని కాపలా కాసిన మనిషికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న వరండాలో కుర్చీ వైపు తిరిగాడు. అమ్మ వెనకనుంచి ఏదో అంది. ఆయన ఆగి, "ఏటి?" అన్నాడు, చెయ్యి చెవి వెనకాల పెట్టుకుని. అచ్చం ఆ వీధి చివరాయనలాగే పెట్టుకున్నాడు, ఈసారి నటించకుండా. పెట్టుకున్నాక ఆయనకే గుర్తొచ్చింది కాబోలు, చెయ్యి దించబోయాడు.

అమ్మ ఆ చెయ్యి దించనివ్వలేదు. అరవనూ లేదు. ఆయనకి తన పెదాలు కనపడేలా ఎదురుగా వచ్చి, పక్కింటి దీదీకి కూడా వినపడనంత మెల్లగా చెప్పింది. మా అమ్మకి అంత చిన్న గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కనే నిలబడ్డాను కాబట్టి నాకు వినపడింది.

"చెవులకి కంపెనీవి దొరకవు. నేను మొదట్నుంచీ చెప్తున్నాను కదా, బయటిదే పెట్టిద్దారని."

నాన్న వ్యాను వంక ఓసారి చూశాడు. ఆ తర్వాత, "నన్ను కొయ్యకుండా పెడతారా?" అన్నాడు. అమ్మ నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. నాన్న కుర్చీ వైపు వెళ్ళకుండా ఆవిడ వెనకే లోపలికి వచ్చాడు. అమ్మ తాళాన్ని పెట్టెలో దాచలేదు. ఆయన చేతికి అందేచోట, గుమ్మం పక్క మేకుకి తగిలించింది.