చింత బుడిపెతో మా అవ్వకు చేసిన గిన్నె

మా చిన్నప్పుడు... అవ్వ ముందు స్టీలు పళ్లెం జారిపోతుంటే, ఇంట్లో అందరం చూడనట్టు తలలు తిప్పుకునేవాళ్లం.

కోడుమూరు దగ్గర ఒక మెట్ట పల్లె మాది. అవ్వ అంటే మా నాయన తల్లి. ఆ ఏడు పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమ చెయ్యి పడిపోయింది. కుడి చెయ్యి బాగానే ఉంది గానీ, పళ్లెం పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు కదా... సంగటి ముద్దను తుంచబోతే పళ్లెం నున్నటి బండల మీద జర్రున జారేది. పులుసంతా ఒలికిపోయేది.

అమ్మ కలిపి నోట్లో పెట్టబోతే మూతి బిగించుకునేది.

"పసిబిడ్డనా నేను? ఆకలి లేదు, పో" అనేది.

ఆకలి లేక కాదు... సిగ్గు. కూలికి పోయి బిడ్డల్ని సాకిన మనిషి, ఒకరు తినిపిస్తే తినే గతి పట్టిందని. రోజురోజుకూ చిక్కిపోయింది. ముఖంలో కళ్లు మాత్రమే మిగిలాయి.

నాయన వడ్రంగి. బరువైన కొయ్య గిన్నె అయితే కదలదని వేప మొద్దు తొలిచి ఒకటి చేశాడు. మా ఎండలకు అది కొద్దిరోజుల్లోనే నిలువునా పగిలింది. ఇంకోటి చేశాడు... అదీ అంతే.

"బుడిపె కావల్ల" అన్నాడు ఒకనాడు అమ్మతో. "చెట్టుకు దెబ్బ తగిలినకాడ కణితి మాదిరి ఊరుతాది సూడు, అది. దాంట్లో కొయ్య మెలికలు తిరిగి ఉంటాది. అంత సులువుగా పగలదు."

"యాడుండాది అట్లాంటిది?"

"రెడ్డన్న బాయి కాడ, చింతచెట్టుకు."

అమ్మ ముఖం మారిపోయింది. ఆ బుడిపె ఉన్న కొమ్మ సరిగ్గా బావి మీదికి వంగి ఉండేది. నీళ్లు ఎప్పుడో ఎండిపోయిన బావి... అడుగున రాళ్లే.

రెడ్డన్న అంటే మా ఊరి రైతు. ఆ చింతచెట్టు వాళ్ల నాయన నాటింది. నాయన పోయి అడిగితే మొదట ససేమిరా అన్నాడు.

"రంపం పెట్టినాక చెట్టు ఎండిపోతే ఎట్లప్పా?"

"మాను జోలికి పోనన్నా. ఆ కొమ్మ ఇప్పటికే సగం ఎండింది. మా యమ్మ... కడుపుకు తినక శానా చిక్కిపోయింది."

రెడ్డన్న మెత్తబడ్డాడు. "సరే, నేనూ వస్తా. మోకు తెస్తా" అన్నాడు.

మరునాడు పొద్దున్నే పోయాం. నేను అమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డాను. నాయన ఆ మోకుతాడు నడుముకు కట్టుకొని చెట్టెక్కాడు. దాని రెండో కొనను పై కొమ్మ మీదుగా కిందికి వేస్తే రెడ్డన్న పట్టుకున్నాడు. బుడిపె మా సంగటి కుండంత ఉంది... నల్లగా, గరుకుగా.

రంపం ఆడుతోంది. పొట్టు రాలుతోంది. సగం తెగిందో లేదో... ఫెళ్లుమని కొమ్మ మొదలుకంటా చీలిపోయింది. బుడిపెతో సహా బావిలో పడింది. నాయన కాళ్ల కింద ఏమీ లేదు.

మోకు బిర్రున బిగిసింది. నాయన బావి మీద గాలిలో వేలాడుతున్నాడు. ఆ బరువుకు రెడ్డన్న కాళ్లు మట్టిలో ఈడ్చుకుపోతున్నాయి.

"పట్టుకో మరియమ్మా!" అని అమ్మను చూసి అరిచాడు.

అమ్మ నన్ను విదిలించుకుని మోకు మీద పడింది. "యేసయ్యా... యేసయ్యా..." అదొక్కటే మాట. నేనూ పోయి పట్టుకున్నాను. నా పట్టు దేనికి పనికొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"వదలద్దన్నా... ఊగుతాండా. గట్టు అందుకుంటా" అని నాయన గొంతు వినిపించింది.

ఊగి ఊగి కాళ్లు గట్టుకు ఆనించాడు. అమ్మ పరుగున పోయి నాయన చొక్కా పట్టి ఇవతలికి లాగింది.

అమ్మ ఆయన చేతులూ కాళ్లూ తడిమి చూసింది. మోచేయి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. అప్పుడు వీపు మీద ఒక్కటి చరిచి, భోరుమంది. మోకు ఒరుసుకొని ఎర్రబారిన అరచేతులు ఊదుకుంటూ రెడ్డన్న కూలబడ్డాడు. "నీ బుడిపె పాడుగాను..." అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు విన్నాకే నాకు ఊపిరాడింది.

ఇక బుడిపె మాటే ఎత్తొద్దని అమ్మ. కానీ రెడ్డన్నే బావి పక్కనున్న పాత మెట్ల మీదుగా మెల్లగా దిగి, దాన్ని మోకుకు కట్టి పైకి పంపాడు.

"ఇంత అయినాక ఈడ ఇడ్సిపెట్టి పోతామా?" అన్నాడు.

నాయన దాన్ని బాడిసతో తొలిచి, తడి ఇసుకలో పూడ్చి, నీడలో మెల్లగా ఆరనిచ్చాడు. పగిలిందేమోనని అమ్మ పోయి పోయి చూసేది. పగల్లేదు... ఉలితో నున్నగా చెక్కి వేరుశనగ నూనె పట్టిస్తే, లోపల నీటి సుడుల్లాంటి గీతలు తేలాయి.

అందులో అమ్మ సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. అవ్వ వేళ్లతో ముద్దను అదిమింది. గిన్నె కదల్లేదు. ఈసారి కావాలనే గట్టిగా అదిమింది. కదల్లేదు. ఎవరివైపూ చూడకుండా తినడం మొదలుపెట్టింది...

"ఇంగొంచెం ఎయ్యి" అంది.

నాయన చేతులు కడుక్కోవడానికి బయటికి పోయాడు. అమ్మ రెండో ముద్ద తేవడానికి లేచింది. హమ్మయ్య... చాలా రోజులకు మా ఇంట్లో అందరం ఒకేసారి కడుపునిండా తిన్నాం.

చింతచెట్టుకూ ఏమీ కాలేదు. వానలు పడగానే చీలిన చోట ఎర్రటి చిగుళ్లు వచ్చాయని రెడ్డన్నే వచ్చి చెప్పిపోయాడు.

ఇప్పుడు నేను ఎర్రగుంట్లలో ఉంటున్నాను. చేతులు సరిగా ఆడనివాళ్ల కోసం అడుగున రబ్బరు పట్టున్న గిన్నెలు వచ్చాయి... ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి. నిజంగా మంచి రోజులే. ఎవరూ ప్రాణాల మీదికి తెచ్చుకోనక్కర్లేదు. కానీ గోడ అవతలి ఇంట్లో పెద్దాయన ఈ పూట తిన్నాడో లేదో మాత్రం నాకు తెలియదు...

మీ ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఇట్లా నలుగురూ కలిసి చేసిన వస్తువేదైనా ఉందా? ఉంటే చెప్పండి... వినాలని ఉంది.